ఇద్దరు ఐరిష్ అనాథలు: ‘కిమ్’, ‘గోరా’ నవలల తులనాత్మక పరిశీలనము

పరదేశమున సైనికుని యింట పుట్టిన బిడ్డకు ఇతరులను చులకన చేయు బుద్ధి ఎచ్చటనుండి అబ్బును? అది రక్తముతో వచ్చునదియా, నేర్పగా వచ్చునదియా? ఈ ప్రశ్నను విచారించుటకు రెండు నవలలు మిక్కిలి తోడ్పడును. రడ్యర్డ్ కిప్లింగ్ రచించిన ‘కిమ్’ 1901లోను, రవీంద్రనాథ ఠాకూరు రచించిన ‘గోరా’ 1910లోను గ్రంథరూపమున వెలువడినవి. కిమ్ తండ్రి ఐరిష్ పటాలమున సార్జెంటుగా నుండి, పిదప రైలు కంపెనీలో కుదిరి, తాగుడునకు లోబడి మరణించెను. గోరా తండ్రియు ఐరిష్ వాడే. 1857 తిరుగుబాటు నాటి పోరాటమున హతుడయ్యెను. ఇద్దరు బాలురును తల్లిని ఎరుగరు. ఈ సామ్యము పలువురు గుర్తించినదే. కాని సామ్యముకంటె భేదమే మాకు విచారణీయముగా తోచుచున్నది.

కిమ్ లాహోరు వీథులలో పెరిగినవాడు. ఆంగ్లముకంటె దేశభాషయే అతనికి చనువు. అయినను నవల ఆరంభముననే జమ్‌జమా ఫిరంగిపై ఎక్కి కూర్చుండి, తోడి బాలుని తన్ని దింపును. పంజాబు ఆంగ్లేయుల వశమున నున్నది గనుక, కిమ్ ఆంగ్లేయుడు గనుక అది న్యాయమే యని కథకుడు చమత్కరించును. ఈ చమత్కారము తేలికగా తీసికొనదగినది కాదు. బాలుడు ఇంకను నేర్వని అహంకారమును కథకుడు అతనికి జన్మహక్కుగా ముందే కట్టబెట్టినాడు.

అసలు పాఠము అంబాలా బారకులలో దొరకును. కిమ్‌కు కావలి యుంచిన డోలు వాయించు కుర్రవాడు దేశీయుల నందరిని ఒకే హేయమైన పేరుతో పిలుచును, కిమ్‌ను కొట్టును. నౌకరులును పాకీవారును వాని మొగము మీదనే వానిని తిట్టుచుందురు. వారి వినయమును చూచి మోసపోయిన వానికి ఆ తిట్లు తిట్లని తెలియదు. మా దృష్టిలో ఈ నవలలోని మిక్కిలి సత్యమైన పుట ఇదియే. చులకన చేయువాడు చెవిటివాడగునని కిప్లింగ్ ఎంత చక్కగా కనిపెట్టినాడు! అయితే ఆ వ్యాధికి అతడు చూపిన మందు ఏమి? లక్నో పాఠశాలకు పోవు దారిలో కర్నల్ క్రైటన్ నల్లవారిని తృణీకరింపవలదని కిమ్‌కు బోధించును. వారి భాషాచారములు తెలియనట్లు నటించిన ఉద్యోగులకు జీతము కోతపడెనని హేతువు చెప్పును. తృణీకారము పాపమగుటచేత కాదు, పాలనకు నష్టమగుటచేత కూడదనుట! అజ్ఞానము తొలగినను అంతస్తు మాత్రము చెక్కుచెదరలేదు. కిమ్ మనస్సులో నిజమైన సంఘర్షణ లేదని ఎడ్వర్డ్ సైద్ 1993లో చేసిన విమర్శకు ఈ ఘట్టముకంటె మంచి నిదర్శనము అక్కరలేదు. లామాపై కిమ్‌కు గల ప్రేమ వేరొక సంగతి. అది నిర్మలమైనది, ఆ వృద్ధుడు సంపాదించి పంపిన ధనముతోనే కిమ్ దొరబిడ్డల చదువు చదువుట నవలలోని గొప్ప విపర్యాసము.

గోరా కథ తలక్రిందులు. అతడు నేర్చినది పాలకుల అహంకారము కాదు, వర్ణాచారము. తనను పుత్రుడుగా పెంచిన ఆనందమయి గదిలో అతడు భుజింపడు. ఏలయన ఆమె క్రైస్తవురాలైన లఛ్మియాను పనికి ఉంచుకొన్నది. మసూచి సోకిన శిశువును సేవచేసి బ్రతికించినది ఆ లఛ్మియాయే. ఆమెకు భూమి కొనియిమ్ము, ఇల్లు కట్టింపుము, ఇంట మాత్రము ఉంచకుమని అతడు తల్లికి చెప్పును. కృతజ్ఞతను వెలగట్టి చెల్లించి మనిషిని వెలివేయు ఈ నేర్పు క్రైటన్ నీతికి చాల దూరమైనది కాదు.

ఆ ఆచారము ప్రకారము తానే అస్పృశ్యుడనని గోరా చివర తెలిసికొనును. పలువురు ఈ రహస్యభేదనమునే నవలకు కీలకమందురు. మేము అంగీకరింపము. నీలిమందు దొరల పీడనకు గురియైన చర్‌ఘోష్‌పూరులో ఒక మంగలి తండ్రి చెరపాలైన మహమ్మదీయ బాలుని ఇంట పెంచుచుండును. గోరా తొలుత ఆచారభంగమని జంకి, దౌర్జన్యపరుడైన బ్రాహ్మణుని యింటికి బయలుదేరును. అచ్చట భుజించినచో జాతి నిలుచునా, ఈ మంగలి యింట భుజించినచో పోవునా అని శంకించి వెనుకకు మరలును. తన పుట్టుక తెలియక మునుపే, కేవలము కనులార చూచుటచేత, అతని విశ్వాసము బీటవారినది. కిమ్‌కు ఇట్టి క్షణము కిప్లింగ్ ఇయ్యలేదు.

అయినను రవీంద్రుని కూడ ఒక మాట అడుగవలసియున్నది. తుదిఘట్టమున గోరా లఛ్మియాను పిలిచి తనకు మంచినీళ్లు తెప్పింపుమని తల్లిని వేడును. ఆనందమయి వెంటనే బినయుని పిలిపింతునని చెప్పును, నవల ముగియును. ఇన్నేండ్లు వెలిగా నుంచబడిన లఛ్మియా ఆ పిలుపు విని ఏమనుకొన్నదో, నీళ్లు తెచ్చినదో లేదో, గ్రంథమున లేదు.