ఇంజెక్టర్ తలరాత

జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లోడెత్తిన లారీలు హైవే ఎక్కి నందిగామ మీదుగా బెజవాడ దారి పడతాయి. బండి ఎలా లాగుతోందో నాలుగు కిలోమీటర్లు తిరక్కముందే డ్రైవరుకు తెలిసిపోతుంది. పొగ కొడుతోందనో, మిస్సింగ్ వస్తోందనో ఆ దారిలోనే మా మామయ్య పంపు-నాజిల్ షాపు ముందు ఆపేవాళ్లు. సెలవులకెళ్తే నా మకాం అక్కడే.

డీజిలును ఇంజన్‌లోకి కొట్టే పంపును అప్పట్లో అందరూ ‘మైకో పంపు’ అనే అనేవారు. 1951లో పుట్టిన మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా పాత మెకానిక్కుల నోట ఇప్పటికీ మైకోనే. ఆ పంపును మామయ్య టెస్ట్ బెంచీకెక్కించి తిప్పేవాడు. ఒక్కో సిలిండరుకు పోవాల్సిన నూనె ఒక్కో గాజు గొట్టంలో పడేది. ఆరు గొట్టాల్లోనూ మట్టం సమానంగా నిలవాలి. ఒకదాంట్లో వెంట్రుకవాసి తగ్గినా బెంచీ ఆపి, స్క్రూ వదులుచేసి, సవరించి మళ్లీ తిప్పేవాడు. ఆ మట్టాల్ని చూడ్డానికి కళ్లు గొట్టాల ఎత్తుకు వచ్చేలా గొంతుక్కూర్చునేవాడు. నాజిల్‌ను చేతి పంపుకు బిగించి లివరు నొక్కితే రెండొందల బార్లు దాటాక కిర్రుమంటూ మంచులా చిమ్మేది. “చెయ్యి అడ్డం పెట్టకురా, చర్మంలోకి దిగుతుంది” అని నన్ను వెనక్కి లాగేవాడు.

అన్నీ సమానంగా ఉండాలన్నది ఆ పనికి ప్రాణం. డీజిలును ఒకే గొట్టంలో ఒత్తిడితో నిలవుంచి అన్ని ఇంజెక్టర్లకూ అందించే కామన్ రైల్ వచ్చాక ఆ లెక్క మారింది.

1997లో ఒక ఇటలీ కారుతో కార్లలోకి వచ్చిన ఈ పద్ధతి, 2020లో బీఎస్-6 నిబంధన వచ్చేసరికి మన లారీలకూ మామూలైపోయింది. లారీ టైరులో గాలి ఎనిమిది బార్లుంటే ఈ రైల్లో డీజిలు రెండు వేల బార్ల దాకా బిగిసి ఉంటుంది. అసలు డీజిలుకు ముందు ఆవగింజలో సగమంత చుక్క పడాలి, అదీ సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా. ఇంత సూక్ష్మంలో ఏ రెండు ఇంజెక్టర్లూ ఒక్కలా ఉండవు. ఒకటి కాస్త ముందు తెరుచుకుంటుంది, ఇంకోటి ఒక పిసరు ఎక్కువ పోస్తుంది. అందుకే తయారీలోనే ప్రతిదాన్నీ కొలిచి, దాని గుణాన్ని అక్షరాలూ అంకెలూ కలిసిన కోడుగా నెత్తిన చెక్కుతారు. ఆ తలరాతను ఇంజన్‌ను నడిపే కంప్యూటరుకు, అంటే ఈసీయూకు చెప్పాలి. ఏ సిలిండరులో ఎవరున్నారో తెలిస్తే అది ఒకరికి కాస్త ముందు, ఒకరికి కాస్త తక్కువ ఆజ్ఞ ఇచ్చి అందరినీ ఒక దారిన నడుపుతుంది.

ఇది నాకెంత నచ్చిందో చెప్పలేను. తేడాను అరగదీసి పోగొట్టడం కాకుండా, తేడాను తెలుసుకుని పనిచేయించుకోవడం!

అయితే ఈసీయూ మనం చెప్పింది నమ్ముతుంది. నిరుడు తెలిసినాయన లారీ ఎక్కడో ఇంజెక్టర్లు విప్పించుకొచ్చాక ఐడిల్‌లో టకటకలాడింది. ఇంజన్ దించాలన్నారట. దాన్ని మామయ్య షాపుకు తెచ్చారు; షాపిప్పుడు మా బావ చూస్తున్నాడు. స్కానర్ పెట్టి, తెర మీది కోడుల్ని టార్చిలైటు వెలుగులో ఒక్కో ఇంజెక్టరు నెత్తితో పోల్చాడు. రెండోది, ఐదోది తారుమారయ్యాయి. కోడులు తిరిగి కొట్టి స్టార్ట్ చేస్తే శబ్దం అణిగింది. ఆ యజమాని ముఖం నాకింకా కళ్లముందే ఉంది.

కోడు పుట్టుకనాటి మాట. అరిగిన, తుప్పు పట్టిన ఇంజెక్టరుకు అది వర్తించదు. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో మున్నేరు వాగు పొంగి నందిగామ దగ్గరి ఐతవరం వద్ద హైవే మీదికొచ్చింది. అలాంటి వరదలో ట్యాంకులోకి నీళ్లు దిగితే, మైక్రాన్ల సందుల్లో డీజిలే కందెనగా ఆడే సూదికి తుప్పు పడుతుంది. అలాంటి వాటిని బెంచీ మీద మళ్లీ కొలిచి కొత్త కోడు తీయాలి. అది చేయకుండా కడిగి బిగించేసి డబ్బులు తీసుకోవడం నా దృష్టిలో తప్పు. అడక్కుండా ఊరుకోవడం మన తప్పు.

బావ ఇప్పుడు పని అయ్యాక ఆరు కోడుల్నీ సిలిండరు వరసన కాగితం మీద రాసి డ్రైవరు చేతిలో పెడుతున్నాడు. మొన్న ఒకాయన దాన్ని లామినేషన్ చేయించి, క్యాబిన్‌లో తిరుపతమ్మ పటం వెనక దాచుకున్నాడు.