సూది లేచిందా?

పూర్తిగా చచ్చిన బండి మెకానిక్‌ను బాధపెట్టదు. తోసుకొస్తారు, వెతుకుతాడు, దొరుకుతుంది. ఏడిపించేది అప్పుడప్పుడు ఆగే బండే. సిగ్నల్ దగ్గర టక్కున ఆగిపోతుంది, చల్లారాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, షెడ్డుకు తెస్తే నంగనాచిలా ఉంటుంది. ఇలాంటి జబ్బును పట్టే ఓపికున్న ఉస్తాద్ ఒకాయన హైదరాబాద్ ఎర్రగడ్డ లోపలి సందుల్లో ఉన్నాడు.

మా చుట్టాలబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో రెండు తలుపుల టర్బో కారు కొన్నాడు. ఆదివారం తెల్లవారకముందే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, 158 కిలోమీటర్లూ చుట్టేసి, ఎండెక్కేలోపు ఇంటికి. మిగతా వారం ఎక్కువగా సెల్లార్‌లో కవరు కింద. నడిరోడ్డు మీద ఆ కారు ఆగిపోవడం మొదలైంది వేసవిలో, మెట్రో లైను కింద ట్రాఫిక్‌లో. స్కానర్ పెడితే పి0335 అని కోడ్. ఒక గ్యారేజీలో క్రాంక్ సెన్సార్ మార్చారు. కొన్నాళ్లు బాగుంది. మళ్లీ ఆగింది. ఇంకోచోట క్యామ్ సెన్సార్ కూడా మార్చారు. మళ్లీ అదే కథ.

ఆ క్రాంక్ సెన్సార్ చేసే పని చిన్నదేమీ కాదు. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక పళ్లచక్రం ఉంటుంది. చాలా ఇంజిన్లలో 60 పళ్లకు చోటుంచి రెండు తీసేస్తారు. ఆ ఖాళీ ఎదురొచ్చినప్పుడల్లా పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 5,800 పళ్లు సెన్సార్ ముందు నుంచి పోతాయి. ఆ లెక్క తెగితే స్పార్క్ ఎప్పుడివ్వాలో, పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్‌కు తెలియదు. రెండూ ఆపేస్తుంది.

పి0335 అనే కోడ్‌కు అర్థం క్రాంక్ సెన్సార్ ‘సర్క్యూట్’లో తేడా ఉందని. సర్క్యూట్‌లో సెన్సార్ ఉంది, తీగలున్నాయి, కనెక్టర్ ఉంది, ఎర్త్ ఉంది, చివరికి కంప్యూటర్ కూడా ఉంది. ఇన్నింటిలో స్పానర్‌తో ఊడేదీ, డబ్బాలో కొత్తది దొరికేదీ సెన్సార్ కాబట్టి మనవాళ్లు ముందు దాన్నే ఉరి తీస్తారు. అంతకన్నా పెద్ద పాపం ఇంకోటుంది: వచ్చిన కోడ్‌ను వచ్చినట్టే చెరిపేయడం. తేడా వచ్చిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, వేగం ఎంత, లోడ్ ఎంత అన్నది కంప్యూటర్ ఒక చిత్తులా రాసి పెట్టుకుంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు తప్పనిసరైన ఓబీడీ-2లో ఈ సదుపాయం ఉంది. ‘ఎర్రర్ తీసేశాం సార్’ అన్నప్పుడు ఆ చిత్తు కూడా పోతుంది. లైటు ఆరిందని మనం సంతోషంగా డబ్బులిస్తాం. కొంతకాలం తేడా కనబడకపోతే ఆ లైటు తనంతట తానే ఆరేదన్న సంగతి ఎవరూ చెప్పరు.

చివరికి బండి ఎర్రగడ్డ చేరింది. ఉస్తాద్ స్కానర్ ముట్టుకోకుండానే ఒక ప్రశ్న వేశాడు. ఆగిపోయాక సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం సూది లేచిందా? మావాడు చూడలేదు. ఎవరు చూస్తారు, వెనక బస్సు హారన్ కొడుతుంటే!

“మళ్ల బంద్ వడనియ్యిండ్రి సార్. అప్పుడు సెల్ఫ్ కొట్టుకుంట మీటర్ వీడియో తియ్యిండ్రి. అదొక్కటి చాలు.”

పక్కనే ఉన్న చెస్ట్ ఆస్పత్రికి క్షయ అనుమానంతో వెళ్తే కళ్లె ఒక్కసారి తీసుకుని వదలరు, మర్నాడు పొద్దున్నే మళ్లీ తెమ్మంటారు. బండి సంగతీ అంతే: జబ్బు కనబడే వేళకు మనమే వెళ్లాలి.

వీడియో వచ్చింది. సూది సున్నా మీద నుంచి కదల్లేదు. అంటే ఆ నిమిషంలో సెన్సార్ మాట కంప్యూటర్ దాకా చేరడం లేదు. పెట్రోలు పంపు మీద అనుమానం అక్కడితో దాదాపు తీరిపోయింది. ఇక సెన్సార్ సంకేతాన్ని అలలా చూపే ఆస్సిలోస్కోప్ తగిలించి, బానెట్ మూసి, ఏసీ వేసి, ఎండలో వదిలాడు. స్పోర్ట్స్ కారు బానెట్ కింద వేలు దూరదు, గాలీ దూరదు. టర్బో వేడి అక్కడక్కడే తిరుగుతుంది. బాగా కాలాక తీగల కట్టను మెల్లగా కదిపాడు. స్క్రీన్ మీద అల తెగిపోయింది. వదిలితే వచ్చింది. కదిపితే మళ్లీ పోయింది. తీగను పట్టి ఉంచాల్సిన క్లిప్పు ఎప్పుడో విరిగి, కనెక్టర్ టర్బో వైపు వేలాడుతోంది. వేడికి, వణుకుకు లోపలి పిన్ను పట్టు సడలిపోయింది.

సెన్సార్ మార్చినప్పుడు కొన్నాళ్లు ఎందుకు బాగుందో కూడా అక్కడే తేలింది. మార్చాలంటే కనెక్టర్ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కాలి కదా. ఆ నొక్కుడుకు పిన్ను కాస్త పట్టుకుంది. ఘనత కొత్త సెన్సార్‌కు పోయింది.

ఈ ఊళ్లో ఇలాంటి కేసులకు కొదవ లేదు. 2020 అక్టోబర్ వానల్లో మునిగిన కార్లు కడిగించుకుని, పాలిష్ పెట్టించుకుని మళ్లీ రోడ్డెక్కాయి. నీళ్లు దూరిన కనెక్టర్లలో రాగికి చిలుము పట్టడానికి తొందరేమీ లేదు. సెల్లార్‌లో వారాల తరబడి నిలబడే బళ్లకైతే ఎలుకలు, నీరసించిన బ్యాటరీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ పడిపోతే మంచి సెన్సార్ల మీద కూడా కోడ్లు వరసగా వచ్చి పడతాయి. సెన్సార్ కొనేముందు బ్యాటరీ చూడమని నేను ఎవరికైనా చెప్తాను.

బిల్లు దగ్గర గొడవ. పిన్ను, స్లీవు, క్లిప్పు కలిపి కొద్దిపాటి డబ్బు. దాని కింద ‘చెకింగ్’ అని ఒక వరస, అదే పెద్దది. రెండు సెన్సార్లకు నోరెత్తకుండా ఇచ్చిన మావాడు ఈ వరస దగ్గర బేరం మొదలుపెట్టాడు. డబ్బాలో వచ్చే వస్తువుకు మన ఊళ్లో ధర ఉంది. ఎండలో కూచుని అల తెగేదాకా చూసిన కళ్లకు ఇంకా రేటు కట్టలేదు. అందుకే మెకానిక్కులు చూడటం మానేసి మార్చడం నేర్చుకున్నారు, తప్పంతా వాళ్లదే అనడం నాకు ఇష్టం లేదు. ఉస్తాద్ రూపాయి తగ్గించలేదు.

మొదట ఊడదీసిన పాత క్రాంక్ సెన్సార్ డిక్కీలోనే పడి ఉంది. ఉస్తాద్ దానికి మీటర్ పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మరీ చూశాడు. ఓమ్‌లు రాగి తీగకు పెరగాల్సినంతే పెరిగాయి, ఎక్కడా తెగలేదు. బాగానే ఉంది, స్పేర్‌గా పెట్టుకోమన్నాడు. మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్రగడ్డ ఆదివారం సంతలో దీనికి ఎంతొస్తుందన్నా అని నన్నడిగాడు.