చాటునుంచి చూసిన ఊరు

స్టూడియో లేదు, తారల్లేరు, మాటల్లేవు. ఉన్నదల్లా ఒక కెమెరా, ఒక స్నేహితుడు, బోలెడంత ఎండ! క్షయజబ్బుతో ఫ్రాన్సులోని నీస్ నగరం చేరిన జాఁ వీగో, మామగారిచ్చిన డబ్బుతో కెమెరా కొని, బోరిస్ కౌఫ్‌మన్ తోడుగా తీసిన తొలి చిత్రం 'ఆ ప్రొపో ద నీస్' 1930లో వచ్చింది. నిడివి అరగంట కూడా ఉండదు.

కెమెరా కనిపిస్తే ఎవరైనా సర్దుకు కూర్చుంటారు కదా! అందుకని కౌఫ్‌మన్ చక్రాలకుర్చీలో కెమెరా దాచుకుని కూర్చుంటే, వీగో తోసుకెళ్ళేవాడట. సముద్రపొడ్డున షికారుకొచ్చిన శ్రీమంతుల దర్జా, కునికిపాట్లు అలా దొరికాయి. ఆ వెంటనే పాత ఊరి ఇరుకు సందులు, దండేలమీద బట్టలు, వాటిని ఉతికే ఆడవాళ్ళు. వ్యాఖ్యానం అక్కర్లేకుండానే విషయం మనకి తెలిసిపోతుంది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. కుర్చీలో కూర్చున్న ఒకావిడ దుస్తులు మారి మారి, చివరికి ఒంటిమీద నూలుపోగుండదు. బూట్లు పాలిష్ చేయించుకునే పెద్దమనిషికి మాయమయ్యేవి బూట్లే! డబ్బున్నవాళ్ళ డాబుని వెక్కిరించడానికి ఆడదాని ఒళ్ళే కావలసివచ్చిందా?

వీగో 1934లో, 29 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ గారడీ మరిచిపోయినా, బట్టలుతికే ఆ చేతులు గుర్తుండిపోతాయి. మనకి తెలిసిన పని కదూ!