గిన్నెలు ఎవరి చేతిలో?

మొన్నొక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ పుస్తకాల షాపుల్లో రెండు గంటలు తిరిగాను. అరల నిండా పోటీ పరీక్షల గైడ్లు, మోడల్ పేపర్లు. నాకు కావలసినవి వేరు. ఎల్బీనగర్‌లో ఉండే నా స్నేహితురాలు తన ఇద్దరు పిల్లల్నీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తోంది. "పనికొచ్చే పుస్తకాలు ఏరిపెట్టవే" అని అడిగింది. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని, ఈమాత్రం చెయ్యలేనా అనుకున్నాను.

చివరికి నా బీరువాలోంచే మూడు తీసుకుని మెట్రో ఎక్కాను. టెట్సుకో కురొయనాగి 'రైలుబడి', చలం 'బిడ్డల శిక్షణ', అన్వేషి 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్'లోని గోగు శ్యామల కథలు.

ఆమె వాటిని తిరగేసి, "ఇవన్నీ పిల్లలకే. మరి నాకేది?" అంది. పిల్లలు బడి మానిన రోజే ఆమె థీసిస్ మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. భర్త మాత్రం ఆఫీసులో "మేం ఇంట్లోనే చదివిస్తున్నాం" అని గర్వంగా చెప్పుకుంటాడట. ఆ 'మేం'లో ఎవరి గంటలెన్ని?

ఇంటికొచ్చి 'రైలుబడి' మళ్లీ చదివాను. భోజనాల వేళ ప్రతి డబ్బాలోనూ సముద్రానిది కొంత, కొండలది కొంత ఉండాలంటాడు హెడ్మాస్టర్ కొబయాషి. ఏది తక్కువైతే అది వడ్డించడానికి ఆయన భార్య ఏప్రన్ కట్టుకుని, రెండు చేతుల్లో రెండు గిన్నెలతో వెనకాలే తిరుగుతుంది. ఎన్నిసార్లు చదివానో, నాకెప్పుడూ ఆయనే కనిపించాడు. డబ్బాలు కట్టిన తల్లులు గానీ, ఆ గిన్నెలావిడ గానీ కనిపించలేదు. తప్పు పుస్తకానిది కాదు. నా చదువుది.

పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు, స్వేచ్ఛగా పెరగనివ్వమన్నాడు చలం. ఆ మాటకు ఇప్పటికీ విలువుంది. కానీ ఆ స్వేచ్ఛను రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని చదివితే నాకక్కడ జవాబు దొరకలేదు. 'తాటకి' కథలో తెల్లవారకముందే పొలానికి నీళ్లు పెట్టబోయిన పిల్ల, మీదికొచ్చిన దొరను ఎదిరిస్తుంది. చాకిరీ ఎవరిదో ఆ కథ దాచదు. అందుకే ఇలాంటి ఇంటికి ముందు కావలసింది అదే అనిపించింది.

ఇంటి చదువు మనకేమీ కొత్త కాదు. భండారు అచ్చమాంబ (1874–1905) తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆనాడు ఆడపిల్లకు బడి లేక ఇంటి చదువు. ఈనాడు ఏరికోరి తెచ్చుకున్న ఇంటి చదువు ఇంకో ఆడమనిషి చదువును ఆపేస్తుంటే, దాన్ని ప్రత్యామ్నాయం అని ఎలా అనగలం?

'రైలుబడి' తీసెయ్యమని నేననను. ఆ గిన్నెల దగ్గర ఆగి, "ఇదంతా ఎవరు వండారు?" అని పిల్లల్ని అడగమంటాను. అడగాల్సింది కూడా తండ్రే. వారానికి మూడు పూటలు ఆయనే చదివి వినిపించాలని నా జాబితా కింద రాశాను. ఆ మూడు పూటల్లో ఆమె చదువుకోవలసిన పుస్తకాలకు ఇంకో జాబితా వేశాను. అది మొదటిదానికంటే పొడుగైంది.