'ఫేకు' శబ్దార్థ విమర్శ

ఆంగ్లమునుండి వచ్చి తెలుఁగు సంభాషణమునఁ బాతుకొనిన విశేషణములలో 'ఫేకు' ఒకటి. "ఆ వార్త ఫేకు", "ఫేకుచీర", "వాఁడు ఫేకుగాఁ జెప్పెను" అని పండితులును బామరులును బలుకుచున్నారు. వ్యాకరణదృష్టితో దీనికి దోషము పట్టుట కష్టము. 'తప్పు', 'కల్ల' అను శబ్దములవలెనే యిది వాక్యాంతమున విధేయముగా నిలుచుచున్నది; 'గా' చేరినచోఁ గ్రియావిశేషణమగుచున్నది. అన్యదేశ్యమను మాత్రమునఁ ద్రోసివేయుదమన్న, దానికి బదులుగాఁ గొందఱు సూచించు 'నకిలీ'యు అరబ్బీమూలమే. దానికి దాయాదియైన 'నకలు' కచ్చేరీలో ముద్రపడి నమ్మఁదగిన ప్రతి యగును, 'నకిలీ' నమ్మరానిది. ఇట్టి పరభాషాపదములకే బ్రౌనుదొర 1854లో వేఱొక నిఘంటువును వెలువరించెను.

కావున విచారింపవలసినది పుట్టుక కాదు, అర్థము. ఆంగ్లమునందును ఈ మాట లండను దొంగల సంకేతభాషకుఁ జెందినదిగా 1812 నాఁటి యొక పదపట్టికలోఁ గానవచ్చుచున్నది. మోసమే దానికి ప్రాణము. తెలుఁగున నీ పనిని 'దొంగ' శబ్దము చిరకాలముగాఁ జేయుచున్నది: దొంగసంతకము, దొంగలెక్క, దొంగసాక్ష్యము, దొంగయేడుపు. అచ్చటి దొంగల మాటకు ఇచ్చట దొంగయే పర్యాయమగుట వింతయే. ఇక పొరపాటునకుఁ 'దప్పు' ఉన్నది. మొదలు తెలియని మాటకు 'గాలివార్త' ఉన్నది. ఎఱిఁగియెఱిఁగి పలికిన దానికి 'బొంకు' ఉన్నది. 'ఫేకు' ఈ నాలుగిండ్లను నొక్కటిగాఁ గలిపివేయుచున్నది.

దీనివలని నష్టము పిఠాపురమునకుఁ జేరువనున్న ఉప్పాడవంటి యూరఁ దేటపడును. ఉప్పాడ జామ్దానీ చీరలకు 2009లో భౌగోళికసూచిక లభించినది. మరమగ్గముపై నేసి యా పేర నమ్మిన చీరను ఫేకనవచ్చును. అందు వివాదము లేదు. చేమగ్గమునఁ జక్కఁగా నేసిన చీరలో నొక పువ్వు చెదరినచో నది లోపము మాత్రమే. దానిని ఫేకన్నవాఁడు నేఁతపనినే కాక నేఁతగాని నిజాయితీనిఁ గూడ నిందించినవాఁ డగును.

సముద్రముమాట వచ్చునప్పటికి ఫలము మఱింత తీవ్రము. 2025 అక్టోబరులో మొంథా తుపాను కాకినాడ పరిసరములఁ దీరము దాటునని వాతావరణశాఖ సూచించెను. 28వ తేదీ రాత్రి యది నైరుతిదిక్కున నరసాపురము చేరువఁ దాటెను. సూచించిన పరిధిలోనిదే యైనను, కాకినాడనే కనిపెట్టుకొని యున్నవానికి నది తప్పినట్లే తోఁచును. తోఁచనిండు, తప్పినదనుటలో నపాయము లేదు. "సూచన తప్పినది" అను జాలరి, గాలి త్రోవ మార్చునని యెఱిఁగినవాఁడు. రేపటి సూచనను జెవినిడును. "ఫేకు" అనువాఁడు చెప్పినవానియందే విశ్వాసము గోల్పోయి, మఱుసారి హెచ్చరిక వెలువడినపుడు పడవను నీట దింపును.

సామాన్యజనునకింత సూక్ష్మభేదము పట్టదని కొంద ఱనవచ్చును. ఆ మాట సరికాదు. ఒక్కొక్క చేఁపకు నొక్కొక్క వలను బేరుపెట్టి పిలుచువారికి నాలుగుమాటల భేదము బరువగునా? నిజముగాఁ దడఁబడుచున్నది చదువుకొన్నవారి నోరే. బాలుర వ్యాసములలో నీ పదము కనఁబడినపుడు పరభాషాపదమని కొట్టివేయుటకంటె, 'దొంగయా, తప్పా, గాలివార్తయా, బొంకా' యని యంచున వ్రాసి తిరిగి యిచ్చుట మేలు. నిఘంటుకారులును దీనిని జేర్చుకొనునపుడు 'కపటమైన' అనునర్థమునే ముందుంచి, 'తప్పైన' అనుదానిని వాడుకలోని యతివ్యాప్తిగాఁ జూపవలయును.