తెరవని కుట్టుపెట్టె

పాత చీనా కవులు స్నేహితుల మీద లెక్కలేనన్ని పద్యాలు రాశారు. దూరప్రాంతానికి బదిలీ అయితే ఒకటి, తిరిగొస్తే ఒకటి, కలిసి మధువు తాగిన రాత్రి ఇంకొకటి. ఇంట్లో ఉన్న భార్య మీద మాత్రం పద్యం అరుదు. ఆమె దూరమైతేనో, కన్నుమూస్తేనో కలం కదిలేది. అందుకే అక్కడి దాంపత్యం ఎలాంటిదో కవిత్వంలో వెతికేవారికి ఎడబాటు పద్యాలే దారి. ఆ పద్యాల్లో గుండెలు బాదుకోవడం ఉండదు, ఇంటి సామాను ఉంటుంది. వాటి బలమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ఈ దారి వేసినవాడు పాన్ యుయె (247–300). భార్య పోయాక సంతాపకాలం ముగిసి, మళ్లీ ఉద్యోగానికి వెళ్లక తప్పని వేళ మూడు పద్యాలు రాశాడు. ఇంట్లో ఆమె చేతిరాత ఉంది, పరిమళం ఉంది, గోడకు తగిలించినవి అలాగే ఉన్నాయి. వాటిని చూస్తూ పోవడమే పద్యం. ఆ పద్యాల శీర్షికే తరవాత భార్యల స్మృతి కవిత్వానికంతటికీ పేరైంది.

దాన్ని శిఖరానికి తీసుకెళ్లింది యువాన్ జెన్ (779–831). భార్య వెయ్ త్సొంగ్ పెద్ద అధికారి కూతురు. పేదవాడైన యువాన్‌ను పెళ్లాడి 809లో చనిపోయింది. ఆమె కోసం రాసిన మూడు పద్యాలూ ఒక్కోటి ఎనిమిదేసి పాదాలు, పాదానికి ఏడక్షరాలు. నడిమి నాలుగు పాదాలూ జంటలుగా నడవాలి. ఒక పాదంలో క్రియ ఉన్నచోట జంటపాదంలోనూ క్రియే రావాలి, వస్తువుకు ఎదురుగా వస్తువు నిలవాలి. యువాన్ ఈ నియమాన్ని తన కాపురంతో నింపాడు. భర్తకు బట్టలు లేవని పెట్టె వెతికిన ఇల్లాలు ఒక పాదంలో, అతని మధువు కోసం జడలోని బంగారు సూది తీసిచ్చిన ఇల్లాలు రెండో పాదంలో. ఇటు అడవి ఆకులతో తిండి, అటు రాలిన ఆకులతో వంటచెరకు. జంటగా నడవాల్సిన పాదాల్లో ఒంటరిగా మిగిలిన మనిషి మాట్లాడుతున్నాడు. ఇప్పుడతని జీతం లక్ష దాటింది, అనుభవించడానికి ఆమె లేదు. ఆమె బట్టలు దాదాపు అన్నీ పంచిపెట్టేశాడు కానీ సూదీదారాల పెట్టె మాత్రం తెరవలేకపోయాడు. యువాన్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు కదా అని ఈ శోకాన్ని శంకించినవాళ్లున్నారు. నాకు ఆ శంక లేదు. ఆ పెట్టె కల్పనతో పుట్టేది కాదు.

ఇంటి సామానుతో మాట్లాడించడం మొదటి పనితనమైతే, రెండోది చూపు తిప్పడం. 756లో దు ఫు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న చాంగాన్‌లో చిక్కుకుపోయాడు. భార్యాబిడ్డలు ఫుజౌలో ఉన్నారు. నలభై అక్షరాల పద్యంలో తన బెంగ మాటే ఎత్తలేదు. ఫుజౌలో ఆమె ఒక్కతే చంద్రుణ్ణి చూస్తోందని, పసిపిల్లలకు అమ్మ దేనికి దిగులుపడుతోందో తెలియదని రాశాడు. అతని తపన మనకు ఆమె కళ్లలోంచే అందుతుంది.

తిరిగి కలిసే ఆశ ఉంటే విప్రలంభం, ఆశ తెగితే కరుణం అని మన ఆలంకారికులు గీత గీశారు. దు ఫు గీతకు ఇవతల, యువాన్ అవతల. సు షి (1037–1101) ఆ గీత మీదే నిలబడ్డాడు. భార్య వాంగ్ ఫు 1065లో పోయింది. పదేళ్ల తరవాత 1075లో, ఆమె సమాధికి ఎంతో దూరాన మిజౌలో ఉండగా కల వచ్చింది. కిటికీ దగ్గర ఆమె తల దువ్వుకుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, మాట పెగల్లేదు. నెరిసిన తలతో, దుమ్ముకొట్టుకున్న ముఖంతో ఉన్న తనను ఆమె గుర్తుపట్టదేమో అన్నది అతని భయం. ఇక్కడా చూపు ఆమెదే. దీనికి అతను ఎంచుకున్నది 'త్సి' అనే పాట రూపం. ముందే ఉన్న బాణీకి మాటలు కూర్చాలి, పాదాలు పొట్టీ పొడుగూగా ఉంటాయి. అప్పటిదాకా ఎక్కువగా విందుల్లో గాయనులు పాడిన ఆ రూపంలోకి చనిపోయిన ఇల్లాలిని తీసుకురావడం సాహసం.

ఇంతవరకూ మాట్లాడినవాళ్లు భర్తలే. కలం భార్య చేతికి వస్తే ఏమవుతుందో లీ చింగ్‌జావ్ (జననం 1084) చూపించింది. ఆమె తండ్రి సు షి శిష్యుడు. 1101లో జావ్ మింగ్‌చెంగ్‌ను పెళ్లాడింది. అతనికి పాత కంచు పాత్రల మీది రాతలు, శిలాశాసనాల ప్రతులు సేకరించే పిచ్చి, ఆమెకూ అదే. భోజనమయ్యాక ఫలానా సంగతి ఏ పుస్తకంలో, ఏ పుటలో, ఏ పంక్తిలో ఉందో పందెం. గెలిచినవారికి ముందు టీ. గెలిచిన నవ్వులో అది ఒళ్లో ఒలికిపోయేది. 1127లో జుర్చెన్‌లు కైఫెంగ్‌ను పట్టుకున్నారు. పదిహేను బళ్ల పుస్తకాలు దక్షిణానికి తరలాయి. 1129లో కొత్త ఉద్యోగానికి బయల్దేరిన భర్తను, నగరం ప్రమాదంలో పడితే ఏం చేయాలని పడవలోంచి అరిచి అడిగింది. ముందు సామాను వదిలెయ్, తరవాత బట్టలు, ఆపైన పుస్తకాలు అంటూ వరస చెప్పాడు; పూజాపాత్రలు మాత్రం ప్రాణంతో పాటే మోయమన్నాడు. కొన్ని వారాలకే జబ్బుపడి చనిపోయాడు. ఆ సేకరణా మంటలకు, దొంగలకు పోయింది. ఇదంతా ఆమె భర్త గ్రంథానికి రాసిన వెనుకమాటలో ఉంది. దాంపత్య సుఖాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన పాత రచన నేను మరొకటి చదవలేదు.

పాటల్లో ఆమె దారి వేరు. భర్త పోయాక రాసిందని ఎక్కువమంది పండితులు భావించే ఒక పాట ఏడు మాటలతో, ఒక్కొక్కటీ రెండేసిసార్లు, పద్నాలుగు అక్షరాలుగా మొదలవుతుంది. ఆమ్రేడితం మనకు కొత్త కాదు. పాట ఎత్తుగడే అంతా ఆమ్రేడితం కావడం అక్కడా కొత్తే. ఏదో వెతుకులాట, చలి, దిగులు. ఎగిరిపోయే అడవి పెద్దబాతులు పాత పరిచయస్తులు, ఎందుకంటే ఆ కవిత్వంలో ఉత్తరాలు మోసేవి అవే. పాట మొత్తంలో భర్త ప్రస్తావన లేదు. పెట్టెలు, నగలు లెక్కపెట్టిన ఆ భర్తల పద్యాలన్నిటికంటే ఈ పాటే నాకు గొప్పది.

మనకూ విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య మరణానంతరం రాసిన 'వరలక్ష్మీ త్రిశతి' ఉంది. ఈ చీనా కవుల అనువాదాలు దొరికితే పక్కన పెట్టుకుని దాన్ని మరోసారి చదవండి. చైనీస్ వచ్చిన తెలుగువారెవరైనా ఉంటే లీ చింగ్‌జావ్ వెనుకమాటను మూలం నుంచే తెలుగులోకి తెచ్చిపెట్టండి.