రెండోసారి దించిన ఆయిల్

డ్రెయిన్ బోల్టు విప్పగానే బేసిన్‌లోకి దిగింది ఆయిల్ కాదు, పాలెక్కువైన టీ. అది చూసి ఈ శీర్షిక రాసే ఆయన మనసు చివుక్కుమంది. కోనసీమలో కొబ్బరి చెట్ల మధ్య దున్నడానికి ఆయన తమ్ముడు కొన్న 15 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ అది. మొన్న దాంతోనే వరిచేలో దమ్ము చేశారు. గేర్ లివరు కింద రబ్బరు బూటు చిరిగి ఉంది. నీళ్లు అక్కణ్ణించే దిగాయి.

చాలా మోడళ్లలో గేర్లకీ, డిఫరెన్షియల్‌కీ, ఆయిల్‌లో మునిగుండే బ్రేకులకీ, వెనక లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్. అందుకే ‘నైంటీ ఆయిల్ పోసేస్తే సరి’ అనేవాళ్లతో ఆయన ఎన్ని వారాలు వాదించారో పాఠకులకు గుర్తే. ఆ చిక్కదనానికి చలి పొద్దున హైడ్రాలిక్ పంపు పీల్చలేక మూలుగుతుంది. బ్రేకులు కీచుమంటాయి. మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి.

ఆయన రెండో పట్టుదల, ఫ్లషింగ్ దండగ అని. ఆయిల్ వేడి మీదుండగా దించాలి, స్ట్రెయినర్ కడగాలి, బోల్టు అయస్కాంతానికి పట్టిన ఇనుపరజను తుడవాలి, కొత్తది పోయాలి. అంతే. డీజిల్ పోసి తిప్పడమంటే మరీ ఒళ్లుమంట. లోపల మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ని పలచన చేసేస్తుంది.

“డీజిలొద్దండి. కానీ ఒక్కసారి దించితే పోదండి, యాక్సిల్ గొట్టాల్లో, లిఫ్ట్‌లో ఉండిపోద్ది. మంచాయిలే పోసి, కాసేపు తిప్పి, మళ్లీ దించేద్దారండి,” అన్నాడు మెకానిక్. ఆయిల్ ఖర్చు రెండింతలు. ఆయన ససేమిరా అన్నారు.

ఆ రాత్రి తాతగారి ఎడ్లబండి గుర్తొచ్చింది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపిన కందెన బండికి వేలాడుతుండేది. చీల ఊడదీసి, చక్రం పక్కకి లాగి, తాతగారు ముందు పాతదంతా గోనెగుడ్డతో తుడిచేసేవారు. “ఇంకా జిగటగానే ఉందిగా తాతయ్యా, దానిమీదే రాసెయ్యొచ్చుగా” అన్నాడు మనవడు ఓసారి. తాతగారు ఆ పాత కందెన కాస్త తీసి వాడి వేళ్ల మధ్య పెట్టి నలపమన్నారు. కరకరమంది. ఇసుక. గుడ్డని ఆముదంలో ముంచి ఇరుసు ఇంకోసారి తుడిచారు. ఆముదం ఆ ఇంట్లో లెక్కగా వాడే సరుకు.

పొద్దున్నే ఆయన మెకానిక్‌కి ఫోన్ చేసి సరేనన్నారు. ముందు కొత్త బూటు బిగించారు. ఆయిల్ గీత దాకా పోసి, గేర్లన్నీ మారుస్తూ, లిఫ్ట్ పైకీ కిందకీ ఆడిస్తూ అరగంట తోటలో తిప్పారు. రెండోసారి బేసిన్‌లోకి దిగిన దాంట్లోనూ ఆ పాల మసక కనిపించింది.